గేమింగ్ మానిటర్ ఎన్ని అంగుళాలు? టేపు పట్టి తేల్చుకునే పద్ధతి

గేములు ఆడటానికి మానిటర్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని అంగుళాలది తీసుకోమంటారు?" అని. నేను తిరిగి అడిగేది "మీ టేబుల్ ముందు అంచు నుంచి గోడ దాకా ఎంతుంది?" అని. ఆ కొలత చెప్పగలిగినవాళ్లు అరుదు. టీవీ కొన్న అలవాటుతో మానిటర్ కొనడమే ఇందుకు కారణం. టీవీని హాల్లో ఏ ఎనిమిదడుగుల దూరం నుంచో చూస్తాం. అక్కడ బడ్జెట్ ఎంతవరకు వస్తే అంత పెద్దది తెచ్చుకోవచ్చు. పీసీ ముందు రెండడుగుల్లో కూర్చుంటాం, అదీ గంటల తరబడి. ఆ రెండడుగుల్లో జానెడు తేడా వస్తే సరిపోయే సైజు మారిపోతుంది. అందుకని సైజు తేల్చుకోవాల్సింది ఇంట్లో, మన టేబుల్ దగ్గర. బ్రాండు, ప్యానెల్, ఆఫర్లు అన్నీ ఆ తర్వాతే చూసుకోవాలి.

మా అక్క కొడుకు విజయవాడలో బీటెక్ చదువుతున్నాడు. వాడి పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 కార్డుంది. సాయంత్రాలు స్నేహితులతో వాలరెంట్ ఆడతాడు, సెలవుల్లో రెడ్ డెడ్ రిడంప్షన్ 2. "మామయ్యా, 32 అంగుళాలది చూశాను, అదే కొంటాను" అన్నాడు. వాడితో కలిసి ఒక్కో మెట్టూ ఎలా తేల్చామో చెబుతాను. మీ టేబుల్, మీ కార్డు, మీ గేములు వేరు కాబట్టి జవాబు మారొచ్చు. మెట్ల వరుస మాత్రం మారదు.

మొదట కావాల్సింది కొలత టేపు. టేబుల్ ముందు అంచు నుంచి వెనక గోడ దాకా కొలవండి. మన ఇళ్లలో చదువుకునే బల్లలు చాలావరకు 60 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి, కొన్ని 45కే ఆగిపోతాయి. ఈ 60లో మానిటర్ స్టాండు కాళ్లు సుమారు 20 తినేస్తాయి. స్టాండు వెనక భాగం గోడకు ఆనించి పెట్టినా స్క్రీను గోడకు అతుక్కోదు, జానెడు ముందుకే నిలుస్తుంది. అంటే స్క్రీను నుంచి టేబుల్ అంచుకు మిగిలేది 40. మన కళ్లు ఆ అంచుకు మరో 20 వెనక ఉంటాయి. మొత్తం మీద కంటికీ తెరకూ మధ్య 60 సెంటీమీటర్లు.

ఈ కొలతను ఎవరికి వాళ్లు తీసుకుంటే తప్పొస్తుంది. టేపు పట్టుకోగానే నడుం నిటారుగా పెట్టి బుద్ధిగా కూర్చుంటాం. గేము వేడెక్కాక మనకు తెలియకుండానే ముందుకు వంగుతాం. కాబట్టి నిజంగా ఒక మ్యాచ్ ఆడుతుండగా ఇంట్లో ఇంకొకరి చేత కణత దగ్గర నుంచి స్క్రీను దాకా కొలిపించుకోండి. మావాడు కూర్చుని చెప్పిన లెక్క 65, ఆడుతుండగా వాళ్లమ్మ కొలిస్తే వచ్చింది 58. మనం పట్టించుకోవాల్సింది రెండోదాన్నే. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా సూచించే దూరం 20 నుంచి 40 అంగుళాలు, అంటే సుమారు 50 నుంచి 100 సెంటీమీటర్లు. మీ కొలత 50 కంటే తక్కువగా వస్తే మానిటర్ సంగతి ఆపి ముందు టేబుల్ సంగతి చూడండి. లేదా టేబుల్ అంచుకు బిగించే మానిటర్ ఆర్మ్ తీసుకోండి. స్టాండు తినేసే చోటులో చాలాభాగం దానితో తిరిగొస్తుంది.

రెండో మెట్టు అట్టలు కత్తిరించడం. దీన్ని చిన్నపిల్లల పనిలా చూసి దాటేయకండి. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే. పెట్టె మీద రాసే అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. దాన్నిబట్టి తెర ఎంత చోటు ఆక్రమిస్తుందో మనసుకు అందదు. మామూలు 16:9 తెరల్లో 24 అని అమ్మేది చాలాసార్లు 23.8 అంగుళాలే. అది 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు. 27 అంగుళాలది 60 వెడల్పు, 34 ఎత్తు. 32గా చలామణీ అయ్యేవాటిలో చాలా వాటి అసలు కొలత 31.5. అది 70 వెడల్పు, 39 ఎత్తు. 34 అంగుళాల అల్ట్రావైడ్ 80 వెడల్పు ఉంటుంది, ఎత్తు మాత్రం 33. అంటే 27 అంగుళాల తెరనే రెండు పక్కలా పది పది సెంటీమీటర్లు సాగదీసినట్టు లెక్క. అంగుళాలు చూసి అది 32 కన్నా పెద్దదనుకుని కొని, ఎత్తు తగ్గిందని బాధపడేవాళ్లున్నారు.

ఫ్రిజ్‌దో, వాషింగ్ మెషీన్‌దో పాత అట్టపెట్టె చాలు. ఈ కొలతల్లో మూడు ముక్కలు కోసి, మానిటర్ నిలబడే చోట, టేబుల్ పైనుంచి జానెడు ఎత్తులో, పుస్తకాల దొంతరకు ఆనించండి. మీరు ఆడే గేములో మ్యాప్, బుల్లెట్ల లెక్క, ప్రాణం గీత ఏ మూలన ఉంటాయో అట్ట మీద అక్కడే పెన్నుతో రాయండి. వాలరెంట్‌లోనూ కౌంటర్ స్ట్రైక్ 2లోనూ మ్యాప్ ఎడమ పై మూలన ఉంటుంది. జీటీఏ 5లో, డోటా 2లో ఎడమ కింది మూలన. ఇప్పుడు మీ మామూలు దూరంలో కూర్చుని చూపును అట్ట మధ్యలో నిలిపి, మూలనున్న అంకెను చదివి తిరిగి మధ్యకు రండి. కేవలం కళ్లు తిప్పితే సరిపోయిందా, మెడ కదిలిందా? ఆ పని ఒక్కసారి చేస్తే తేడా పెద్దగా తెలియదు. ఒక్క మ్యాచ్‌లో వందలసార్లు చేస్తాం కాబట్టి కాసేపు వరసగా చేసి చూడాలి. అట్టలను ఆ సాయంత్రమంతా అక్కడే ఉంచి, అటూ ఇటూ తిరుగుతూ కూడా చూడండి. గదిలో ఆ వెడల్పు ఎలా ఉంటుందో, స్పీకర్లు ఎటు పోతాయో అప్పుడే తెలుస్తుంది.

కోణాల లెక్క కూడా అట్టలు చెప్పినదాన్నే చెబుతుంది. 60 సెంటీమీటర్ల దూరంలో 24 అంగుళాల తెర అడ్డంగా 47 డిగ్రీల చూపును నింపుతుంది. 27 అయితే 53, 32 అయితే 60 డిగ్రీలు. మరోలా చెప్పాలంటే 60 సెంటీమీటర్ల దూరంలోని 24, 68లోని 27, 79లోని 32 కంటికి ఒకే వెడల్పుగా కనిపిస్తాయి. మావాడి 58 సెంటీమీటర్ల దూరంలో 32 అట్ట పెట్టినప్పుడు మ్యాప్ చూడ్డానికి ప్రతిసారీ తల తిప్పాడు. 27 అట్టకు కళ్లు చాలాయి, అయితే దాన్ని ఇంకాస్త వెనక్కి జరిపితే బాగుంటుందని వాడే అన్నాడు. అక్కడితో మా ఇంట్లో 32 అంగుళాల మాట వెనక్కి పోయింది. నేను చెప్పి ఉంటే వినేవాడు కాదు.

పెద్ద తెర కొంటే గేములో ఎక్కువ ప్రపంచం కనిపిస్తుందని ఒక నమ్మకం ఉంది. 16:9 ఆకారంలో ఉన్నంతవరకు అది నిజం కాదు. గేము ఎంత మేర చూపించాలన్నది గేము లోపలి చూపు కోణం నిర్ణయిస్తుంది. వాలరెంట్‌లో ఆ కోణం 103 డిగ్రీలకు స్థిరంగా ఉంటుంది, తెర 24 అయినా 32 అయినా అదే. పెద్ద తెర మీద శత్రువు తల కాస్త పెద్దగా కనబడుతుంది, అంతవరకే. అది కూడా తెరకు దగ్గరగా జరిగితే ఏ సైజులోనైనా దొరికే లాభమే.

మూడో మెట్టులో మనసు విప్పి చెప్పుకోవాల్సింది మీరు ఏం ఆడతారన్నది. ఏం ఆడాలనుకుంటున్నారన్నది కాదు. తెర అంతా ఒక్క చూపులో అందాల్సిన షూటింగ్ గేములే మీ లోకమైతే 24, 25 అంగుళాలు దాటనక్కర్లేదు. పెద్ద టోర్నమెంట్లలో వేదికల మీద పెట్టే మానిటర్లు ఏళ్లుగా ఈ సైజులోనే ఉంటున్నాయి. బెన్‌క్యూ జోవీ ఎక్స్ఎల్2546కే లాంటి 24.5 అంగుళాల 240 హెర్ట్జ్ తెరలు అలా పేరు తెచ్చుకున్నవే. కౌంటర్ స్ట్రైక్ ఆటగాళ్లలో చాలామంది ఇప్పటికీ 1280×960 రిజల్యూషన్‌ను సాగదీసి ఆడతారు. బొమ్మ అందం వదిలేసి, కదలిక స్పష్టంగా, చూపు పరిధి చిన్నగా ఉండేలా చూసుకుంటారు. వాళ్లకు అది పని. మీకూ ఆ ర్యాంకుల పట్టుదల ఉంటే వాళ్ల దారి పట్టండి.

కథ ఉన్న గేములు, విశాలమైన లోకాల్లో తిరిగే గేములు ఆడేవాళ్లకు తెర కళ్లను నింపడమే సుఖం. వాళ్లకు 27 నుంచి 32 దాకా హాయి. కార్ల పందేలు, విమానాలు నడిపే గేములు ఆడేవాళ్లు 34 అల్ట్రావైడ్ ముందు ఒక్కసారి కూర్చుంటే మళ్లీ మామూలు తెరకు రావడం కష్టం. ఫోర్జా హొరైజన్ 5లో, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పక్క కిటికీల వైపు దృశ్యం నిజంగానే ఎక్కువ కనిపిస్తుంది. అయితే ఇక్కడొక చిక్కుంది. వాలరెంట్, ఎల్డెన్ రింగ్ అల్ట్రావైడ్ తెర మీద రెండు పక్కలా నల్ల పట్టీలు వదిలేస్తాయి. మీరు రోజూ ఆడే గేము ఈ కోవలోదైతే, ఆ వెడల్పుకు పెట్టిన డబ్బు రోజూ నల్లగా కనబడుతుంది.

నాలుగో మెట్టు పిక్సెళ్లు. తెర పెరుగుతూ రిజల్యూషన్ అక్కడే ఉండిపోతే అవే చుక్కలు పెద్ద జాగాలో పరుచుకుంటాయి. 24 అంగుళాల 1080పీలో అంగుళానికి 93 పిక్సెళ్లు పడతాయి. అదే 1080పీని 27కు సాగదీస్తే 82కు పడిపోతుంది. 27 అంగుళాల 1440పీ అయితే 109, 32లో 1440పీ అయితే మళ్లీ 93, 32లో 4కే అయితే 140, 27లో 4కే అయితే 163. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా విడదీసి చూడగలదని కంటి వైద్యుల కొలమానం. దాన్నిబట్టి 27 అంగుళాల 1080పీ తెరలో చుక్కలు కలిసిపోవాలంటే 107 సెంటీమీటర్లు వెనక్కి కూర్చోవాలి. 1440పీకి 80, 4కేకి 54 చాలు.

గేములో బొమ్మ కదులుతూ ఉంటుంది, అంచులు నునుపు చేసే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంటుంది. కాబట్టి ఆ దూరాలను అక్షరాలా పాటించనక్కర్లేదు. 60 సెంటీమీటర్ల దూరంలో 27 అంగుళాల 1440పీ కంటికి చాలా బాగుంటుంది. అదే దూరంలో 27 అంగుళాల 1080పీ మాత్రం దోమతెర గుండా చూస్తున్నట్టు ఉంటుంది. దూరంగా ఉన్న చెట్ల ఆకులు, కరెంటు తీగలు, తుపాకీ గురి చుక్క అన్నీ మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. చవకగా వస్తోందని కాలేజీ పిల్లలకు ఎక్కువగా అంటగట్టేది ఈ 27 అంగుళాల 1080పీనే. ఆ డబ్బుకు 24 అంగుళాల మంచి తెర వస్తుంది, దాన్నే తీసుకోమని గట్టిగా చెబుతాను. 32లో 1440పీ విషయంలో అంత పట్టుబట్టను. చుక్కల సాంద్రత 24 అంగుళాల 1080పీతో సమానం కాబట్టి, లోతైన టేబుల్ ఉండి 80 సెంటీమీటర్లు వెనక్కి కూర్చునేవాళ్లకు అది మంచి బేరమే. 58లో కూర్చునేవాడికి కాదు.

ఐదో మెట్టు గ్రాఫిక్స్ కార్డు. సైజుకు అసలు ఖరీదు ఇక్కడ బయటపడుతుంది. 1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీలో 36.9 లక్షలు, 34 అల్ట్రావైడ్‌లో 49.5 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. తెర 144 హెర్ట్జ్‌ది అయితే ఈ పిక్సెళ్లన్నిటినీ కార్డు ఏడు మిల్లీసెకన్లలోపు గీసి ఇవ్వాలి, సెకనుకు 144 సార్లు. 24 నుంచి 32కు వెళ్లాలంటే పదునైన బొమ్మ కోసం 4కే కావాలి. 4కే కావాలంటే నాలుగు రెట్ల పని చేసే కార్డు కావాలి. ఆ కార్డుకు తగ్గ పవర్ సప్లై కావాలి. మానిటర్ ధరలో తేడా ఒక్కటే చూసి లెక్క వేసుకున్నవాళ్లు ఈ వరుసలో ఎక్కడో చిక్కుకుంటారు.

కార్డు చాలకపోతే రిజల్యూషన్ తగ్గించి ఆడొచ్చు కదా అని మావాడు అడిగాడు. ఆడొచ్చు, కానీ 1440పీ తెర మీద 1080పీ బొమ్మ వేస్తే ఒక్కో పిక్సెల్‌ను అడ్డంగా, నిలువుగా 1.33 పిక్సెళ్ల మీద పరచాలి. అలా సమంగా పంచడం కుదరదు కాబట్టి బొమ్మ మసకేస్తుంది. 4కే మీద 1080పీ వేస్తే ప్రతి చుక్కా సరిగ్గా నాలుగు చుక్కలవుతుంది. డ్రైవర్లో ఇంటీజర్ స్కేలింగ్ పెట్టుకుంటే మసక రాదు. దీనికంటే మెరుగైన దారి డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్. గేమును లోపల తక్కువ రిజల్యూషన్‌లో గీసి, తెలివిగా పెంచి చూపించే పద్ధతులివి. 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గీసేది 960పీ మాత్రమే. మధ్య రకం కార్డులున్నవాళ్లకు 27 అంగుళాల 1440పీ అందుబాటులోకి రావడానికి ఇది పెద్ద కారణం. ఆర్‌టీఎక్స్ 3060, 4060 స్థాయి కార్డులున్నవాళ్లు కొత్త భారీ గేములకు కొన్ని సెట్టింగులు తగ్గించుకోవడానికి సిద్ధపడితే 1440పీకి వెళ్లొచ్చు. ఏదీ తగ్గించనంటే 1080పీ, 24 దగ్గర ఉండటమే మంచిది. 4070, ఆర్ఎక్స్ 7800 ఎక్స్‌టీ స్థాయికి 1440పీ నిశ్చింత. 4కే ఆలోచన అంతకంటే పై కార్డులకే.

ఇక్కడికి మావాడి కాగితం మీద మిగిలింది 27 అంగుళాలు, 1440పీ, ఒక ఆర్మ్. వాలరెంట్ తేలిక గేము, 3060 మీద 1440పీలోనూ 144 ఫ్రేములు దాటుతుంది. రెడ్ డెడ్‌కు డీఎల్ఎస్ఎస్ ఉంది. ఇంకో ప్రశ్న కూడా అడిగాను, ఇంట్లో పీఎస్5 ఉందా అని. ఉంటే మానిటర్ దానికీ పనికొస్తుంది. 2022 సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత పీఎస్5 కూడా 1440పీ ఇస్తోంది.

ఇప్పుడు షాపు. హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. సీటీసీ అంటే కంప్యూటర్ సామాన్ల కోసం వెళ్లే ప్రతివాడికీ తెలుసు. ఊరు ఏదైనా టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి. షాపులో తెరలన్నీ చిన్నగా కనిపిస్తాయి. ఎందుకంటే మనం నిలబడేది నాలుగైదు అడుగుల దూరంలో, పక్కనేమో ఇంకా పెద్దవి వరసగా ఉంటాయి. నచ్చిన తెర ముందు మీ కొలత దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చోండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

స్టాండు ఎత్తు మారుతుందా, వెనక 100×100 మిల్లీమీటర్ల వెసా (VESA) రంధ్రాలున్నాయా అన్న రెండూ తప్పక చూడండి. చవక మోడళ్లలో స్టాండు వంగడమే తప్ప లేవదు. ఆర్మ్ బిగించాలంటే ఆ రంధ్రాలు ఉండి తీరాలి. పోర్టులు కూడా చూడండి. హెచ్‌డీఎమ్ఐ 2.0 మీద 4కే 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, దాటాలంటే 2.1 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.4 గానీ కావాలి. 1440పీ 144కు 2.0 సరిపోతుంది. వంపు తెరల మీద 1800ఆర్, 1000ఆర్ అని రాసి ఉంటుంది. అది వంపు వ్యాసార్ధం, మిల్లీమీటర్లలో. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. 27 అంగుళాలకు వంపు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. 34 అల్ట్రావైడ్‌కు మాత్రం అవసరమే. 60 సెంటీమీటర్లలో కూర్చుంటే బల్లపరుపు తెర మధ్య భాగం 60 దూరంలో, అంచులు 72 దూరంలో ఉంటాయి. వంపు ఆ తేడాను తగ్గిస్తుంది. ప్యానెళ్ల గురించి ఒక్క మాట: పగలు వెలుతురున్న గదికి ఐపీఎస్, రాత్రి చీకట్లో ఆడేవాళ్లకు నలుపు బాగా చూపే వీఏ, డబ్బుంటే ఓఎల్ఈడీ. చచ్చిన పిక్సెల్ ఒకటి కనిపిస్తే మారుస్తారా, ఇన్ని ఉంటేనే మారుస్తారా అన్నది బిల్లు కట్టకముందే అడిగి రాయించుకోండి.

ఇంటికి తెచ్చాక చివరి మెట్టు బిగింపు. కేబుల్‌ను మదర్‌బోర్డులో కాక గ్రాఫిక్స్ కార్డులోనే గుచ్చాలి. పోర్టులు అడ్డంగా వరసగా ఉన్న చోటు అది. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేటు చూడండి. 144, 165 హెర్ట్జ్ తెరలు కూడా చాలాసార్లు 60 దగ్గరే మొదలవుతాయి. మనం మార్చేదాకా అలాగే ఉంటాయి. 27 అంగుళాల 1440పీకి అక్షరాల స్కేలింగ్ 100 శాతం చాలు. 4కే తెరకు 27లో అయితే 150, 32లో 125 నుంచి 150 మధ్య చూసుకోండి. తెర పై అంచు మీ కళ్ల ఎత్తులోనో, వేలెడు కిందో ఉండాలి. తర్వాత తెరను కాస్త పైకి వంచండి. అప్పుడు ఒక మ్యాచ్ ఆడుతూ మళ్లీ టేపుతో కొలిపించుకోండి. ఆర్మ్ మీద గోడ దాకా వెనక్కి నెట్టాక మావాడి కొలత 68 వచ్చింది.

గేము సెట్టింగుల్లో హెచ్‌యూడీ (తెర మీది మ్యాప్, అంకెలు వగైరా) సైజు, సేఫ్ ఏరియా అని ఉంటాయి. మ్యాప్‌నూ అంకెలనూ మూలల నుంచి మధ్యకు జరిపేది ఆ సేఫ్ ఏరియానే. ఇప్పటికే పెద్ద తెర కొనేసి మెడ తిప్పాల్సి వస్తున్నవాళ్లు ముందు దాన్ని వాడి చూడండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే గేమును విండో మోడ్‌లో చిన్న రిజల్యూషన్‌తో, తెర మధ్యలో నడపొచ్చు. 32 అంగుళాల 4కే తెర మీద 2560×1440 విండో పెడితే అది దాదాపు 21 అంగుళాల తెరంత వస్తుంది, చుట్టూ మిగతాది ఖాళీగా ఉంటుంది. షూటింగ్ గేములు అందులో ఆడి, కథల గేములను తెర నిండా ఆడుకోవచ్చు.